ఈసీటీ చేయించుకున్నాను – పర్లాకిమిడి నుంచి వైజాగ్ దాకా నా అనుభవం

మొన్న మార్చిలో నాకు ఈసీటీ అయిపోయింది, అదే మన వైపు తలకి కరెంట్ పెట్టడం అంటారు కదా, డిప్రెషన్‌కి. చేయించుకోకముందు తెలుగులో ఎవరైనా తమకి జరిగింది జరిగినట్టు చెప్పారేమో అని మా ఆయన ఫోన్‌లో తెగ వెతికాడంట, డాక్టర్ల ఉపన్యాసాలు దొరికాయి, సినిమా ముక్కలు దొరికాయి, అంతే. తలకి నూనె రాసుకోవచ్చా, పుస్తెలు తియ్యాలా, లేచాక మనుషుల్ని గుర్తుపడతారా, ఎంతవుద్ది, ఇలాంటివి ఒక్కరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నా. ముందే చెప్తున్నా, ఇందులో మధ్య భాగం నాకు సరిగ్గా గుర్తులేదు. మా చెల్లి ఒక స్కూల్ నోట్‌బుక్‌లో ఏ రోజుది ఆ రోజు రాసి పెట్టింది, అది పక్కన పెట్టుకుని రాస్తున్నాను, కొన్నిచోట్ల నాకు గుర్తుందో దాని రాత చదివి గుర్తున్నట్టు అనిపిస్తుందో నాకే తేలట్లేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశానే గానీ ఇంట్లో తెలుగు, నేను చదివింది ఒడియా బడి, పక్కనే పాతపట్నం, అటెళ్తే ఆంధ్రా. నేను జాకెట్లు కుడతాను, వీధి గదిలో రెండు మిషన్లు, సాయానికి ఒక అమ్మాయి. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. చిన్నోడు పుట్టాక ఒకసారి నాకు ఇలాగే వచ్చింది, అప్పుడు మాత్రలతో నాలుగైదు నెలల్లో సర్దుకుంది, అందుకని పోయిన వినాయక చవితి టైంకి మళ్ళీ మొదలైనప్పుడు ఎవరం అంత భయపడలేదు.

దసరా మాకు సీజన్. సంచుల నిండా గుడ్డలు, లైనింగులు, ఒక్కోదానికీ ఆది జాకెట్టు పిన్నుతో గుచ్చి ఉంటుంది. నేను టేపు మెడలో వేసుకుని మిషన్ ముందు కూర్చునేదాన్ని, కూర్చునే ఉండేదాన్ని. సూదిలో దారం ఎక్కించడానికి కూడా మనసొప్పేది కాదు. ఏడుపొస్తే బాగుండేది, అదీ రాలేదు. తెల్లారి మూడింటికే మెలకువ, ఇంక అక్కడినుంచి నావల్ల వీళ్ళందరికీ బరువు, నేను లేకపోతేనే వీళ్ళు బాగుపడతారు అని అదే ఆలోచన తిరిగేది. శ్రీకాకుళంలో డాక్టర్ ఎస్సిటలోప్రామ్ అని డిప్రెషన్ మాత్ర రాశారు, ఆరు వారాలు చూసి డోసు పెంచారు, తర్వాత వెన్లాఫాక్సిన్‌కి మార్చారు, రాత్రికి మిర్టజపిన్ కలిపారు. మా అత్త ఈలోపు ఒక గురువు దగ్గర తాయెత్తు కట్టించింది, నేను వద్దనలేదు, వద్దనడానికి కూడా ఓపిక ఉండాలి కదా. నవంబర్ వచ్చేసరికి మాట తగ్గిపోయింది, ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు లోపల ఉండేది గానీ నోటిదాకా వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. తిండి మానేశాను. నీళ్ళు కూడా మా ఆయన గ్లాసు పెదాలకి ఆనిస్తేనే.

ఒక రాత్రి నేను నిద్రమాత్రల డబ్బా చేత్తో పట్టుకుని కూర్చున్నానంట, ఏమీ చెయ్యలేదు, ఊరికే పట్టుకుని. ఆయన అది తీసుకుని 14416కి ఫోన్ చేశాడు, టెలీ మానస్ అని మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు నంబర్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. అవతలావిడ మందులన్నీ తాళం వెయ్యండి, ఆవిణ్ణి ఒంటరిగా వదలకండి, తిండి నీళ్ళు మానేశారంటే ఇంట్లో ఉంచే కేసు కాదు తెల్లారగానే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అని చెప్పింది. బరంపురమా వైజాగా అని ఆ రాత్రే అనుకున్నారు, మా చెల్లి గాజువాకలో ఉంటుంది కాబట్టి వైజాగ్. మామూలుగా అయితే గుణుపూర్ ప్యాసింజర్‌లో వెళ్ళిపోతాం, ఆ రోజు నేను కూర్చునేలా లేనని కారు మాట్లాడారు, 4 వేలు.

సర్కారు మానసిక ఆసుపత్రి చినవాల్తేరులో ఉంది, అక్కడ ఖర్చు చాలా తక్కువ, కానీ మా అత్త ఆ పేరు వినగానే ఒప్పుకోలేదు, మా వైపు ఆ పేరెత్తితే చాలు జనం ఒకలా చూస్తారు, కాబట్టి ప్రైవేటుకి పోయాం. ఆరోగ్యశ్రీ ఉంది కదా అని చెల్లి అంది గానీ అది ఆంధ్రా వాళ్ళకి, మాది ఒడిశా రేషన్ కార్డు. బోర్డర్ దగ్గర ఉండేవాళ్ళకి ఈ బాధ తెలిసిందే, ఆసుపత్రి ఒక రాష్ట్రం కార్డు ఒక రాష్ట్రం.

అక్కడ డాక్టర్ మేడమ్ నన్ను చూసి, పాత చీటీలన్నీ చూసి, మా ఆయనతో అన్నదేంటంటే రెండు మందులు సరైన డోసులో సరిపడా రోజులు వాడారు, ఇంకోటి మార్చి మళ్ళీ నాలుగు వారాలు చూద్దామంటే ఈవిడ తినట్లేదు, అంత టైం మనకి లేదు, ఈసీటీ త్వరగా పనిచేస్తుంది. మాగ్నెట్‌తో చేసేది ఇంకోటి ఉందంట, ఆర్‌టీఎంఎస్, దానికి మత్తు అక్కర్లేదు గానీ వారానికి ఐదు రోజులు చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు రావాలి, నాలాగా తిండి మానేసిన వాళ్ళకి అది ఆలస్యం అవుతుందన్నారు.

అప్పుడు మొదలైంది ఇంట్లో గొడవ. మా అత్త ఫోన్‌లోనే ఏడుపు. "తలకి కరెంట్ పెడతారంటేటి బాబూ, మా తమ్ముడికి ఆ రోజుల్లో పెట్టినారు, నలుగురు మనుషులు కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకున్నారు, ఆడికి జన్మంతా నడుం నొప్పే." ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. అప్పట్లో మత్తు లేకుండా అలాగే పెట్టేవాళ్ళు, ఫిట్స్ వచ్చినప్పుడు ఒళ్ళంతా కొట్టుకుని ఎముకలు విరిగేవి కూడా. మేడమ్ స్పీకర్ ఆన్ చేయించి అత్తతోనే మాట్లాడింది, అమ్మా 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక మత్తూ, కండరాలు వదులయ్యే ఇంజెక్షనూ ఇవ్వకుండా ఈసీటీ చెయ్యడమే నేరం, ఎవరూ పట్టుకోరు, ఎవరూ కొట్టుకోరు అని. అత్త చివరికి "సరే, పుస్తెలు మాత్రం తియ్యొద్దు" అంది. దానికి మేడమ్ దగ్గర జవాబు లేదు, నర్స్ దగ్గర ఉంది, అది తర్వాత చెప్తా.

సంతకం నేనే పెట్టాలన్నారు. నేను మాట్లాడే స్థితిలో లేను గానీ అడిగింది అర్థమవుతుందో లేదో రెండు మూడు రకాలుగా అడిగి చూశారు, తలూపాను, సంతకం పెట్టాను, మా ఆయన చేత కూడా పెట్టించుకున్నారు. కాగితంలో జ్ఞాపకం గురించి ఒక లైను ఉంది, నోటితో కూడా చెప్పారు, "కొంచెం మసకగా ఉంటుంది, వచ్చేస్తుంది" అని. ఈ వాక్యం మీద నాకు కోపం ఉంది, కింద రాస్తాను.

మొదటిది పెట్టడానికి మూడు రోజులు పట్టింది, టెస్టుల వల్ల. రక్తం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, తల సీటీ, కంటి వెనక చూడటం, పళ్ళు ఏవైనా కదులుతున్నాయా అని చూడటం. మత్తు డాక్టర్ వచ్చి మెడ వెనక్కి వంచమని, నోరు పూర్తిగా తెరవమని చూశాడు. టెస్టులకే 6 వేలు దాటింది. ఆ మూడు రోజులూ సెలైన్ మీద ఉంచారు. రాత్రి వేసుకునే క్లోనజిపామ్ ఆపేశారు, అది ఫిట్స్ రాకుండా అడ్డుపడే మందు కదా, ఇక్కడ కావాల్సింది ఫిట్స్ రావడమే. దాంతో ఆ రాత్రులు నిద్ర అసలు లేదు, అది ఎవరూ ముందు చెప్పలేదు.

ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, పొద్దున్న నీళ్ళు కూడా వద్దన్నారు. తలకి షాంపూతో స్నానం, నూనె చుక్క ఉండకూడదు, నూనె ఉంటే కణతల దగ్గర పెట్టేవి సరిగ్గా అంటవు, కరెంట్ సరిగ్గా పోదు. కొబ్బరినూనె లేకుండా నెలరోజులు జుట్టు ఎలా అయిపోతుందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. గోళ్ళరంగు తుడిచేశారు, వేలికి పెట్టే క్లిప్పు ఆక్సిజన్ చూపించాలి కదా. కమ్మలు, ముక్కుపుడక, గాజులు, మెట్టెలు తీసేశారు. పుస్తెల దగ్గరకొచ్చేసరికి మా ఆయన ఆగిపోయాడు, నర్స్ నవ్వి తన టేబుల్ సొరుగులోంచి పసుపుతాడు తీసింది, పసుపుకొమ్ము కట్టి రెడీగా ఉంది, ఒక కట్ట ఉన్నాయి అలాంటివి. బంగారం తీసి అది కట్టారు. తాయెత్తు రాగిది, అది కూడా విప్పి మా ఆయన చొక్కా జేబులో వేసుకున్నాడు, అత్తకి మాత్రం చెప్పలేదు.

మొదటి రోజు నాకు గుర్తుంది. గది బయట బెంచీ మీద నలుగురైదుగురం, అందరి చేతికీ సూది పెట్టేసి ఉంది. మత్తు డాక్టర్ రావడం బాగా ఆలస్యమైంది, పొద్దున్న ఏడున్నరకి కూర్చోబెడితే పదిన్నర దాటింది, అన్నం మానేసిన దాన్నే అయినా ఆ దాహం మాత్రం మర్చిపోలేను. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళడం, పావుగంటలో స్ట్రెచర్ మీద వేరే తలుపు నుంచి బయటికి రావడం. అరుపుల్లేవు. నేను అరుపుల కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నా, ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

లోపల బల్ల మీద పడుకోబెట్టి ఛాతీకి అతుకులు, నుదుటికి అతుకులు, కుడి కాలి చీలమండ పైన బీపీ పట్టీ. చేతికి కదా బీపీ చూసేది అనుకున్నా. తర్వాత మేడమ్‌ని అడిగితే చెప్పింది, కండరాలు వదులయ్యే ఇంజెక్షన్ ఇచ్చేముందు ఆ కాలికి పట్టీ బిగిస్తారు, మందు ఆ పాదానికి చేరదు, ఒళ్ళంతా కదలకుండా ఉంటే ఆ ఒక్క పాదం మాత్రం కదులుతుంది, దాన్ని చూసి ఫిట్స్ ఎంతసేపు వచ్చిందో లెక్కపెడతారు. మిషన్‌లోంచి మెదడు గీతలు కాగితం మీద కూడా వస్తాయి. వచ్చేది అర నిమిషం నుంచి నిమిషం, అంతే. రోగం తగ్గించేది కరెంట్ కాదంట, దాంతో వచ్చే ఆ ఫిట్సేనంట, అది ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా ఇప్పటికీ ఎవరికీ తెలీదని ఆవిడే చెప్పింది. 1938 నుంచి చేస్తున్నారు, ఇంకా తెలీదు! నాకెందుకో ఆ మాట విన్నాక ఆవిడ మీద నమ్మకం పెరిగింది.

మాస్కు పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమ్మా అన్నారు. సూదిలోకి మందు వెళ్తుంటే మోచేతి దాకా మంట. మీ పిల్లల పేర్లు చెప్పమ్మా అన్నాడు మత్తు డాక్టర్. పెద్దదాని పేరు చెప్పానో లేదో నాకు తెలీదు.

లేచేసరికి తల పగిలిపోతోంది, దవడలు రోకలితో దంచినట్టు ఉన్నాయి, పిక్కలు పట్టేసాయి. నోట్లో పళ్ళ మధ్య పెట్టే రబ్బరు వాసన. పక్కన ఎవరో ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు, మంచివాడిలా ఉన్నాడు అనుకున్నాను, మా ఆయనని తెలియడానికి కాస్త టైం పట్టింది. నోట్‌బుక్‌లో చెల్లి రాసింది ఏంటంటే నేను లేవగానే నర్స్‌తో ఒడియాలో మాట్లాడానంట, నీళ్ళు కావాలి, బడి గంట కొట్టేశారా అని. ఆ అమ్మాయిది అనకాపల్లి వైపు, ఒక్క ముక్క అర్థంకాక భయపడి డాక్టర్‌ని పిలిచింది. మా ఆయన అది ఒడియా అని చెప్తే అందరూ నవ్వారంట. తర్వాత కూడా లేచిన ప్రతిసారీ కాసేపు ఒడియానే, ఇంట్లో నేను ఎప్పుడూ మాట్లాడను. గంట గంటన్నరకి తేరుకున్నాను, ఇడ్లీ పెట్టారు, ఒక పారాసెటమాల్ ఇచ్చారు. వేడి కాపడం పిక్కలకి పెడితే మర్నాటికి తగ్గింది, రెండో సారి నుంచి ఒళ్ళు నొప్పులు అంత లేవు.

వారానికి మూడు, సోమ బుధ శుక్ర. మామూలుగా ఆరు నుంచి పన్నెండు దాకా పడతాయి అన్నారు. ఒక్కోదానికి 3,500, మత్తు డాక్టర్ ఫీజు అందులోనే, రూం రోజుకి 2 వేలు వేరే, మందులు వేరే. మొదటి పది రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు, తిండి మొదలయ్యాక చెల్లి ఇంటినుంచి పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళం. అలా ఇంటినుంచి వచ్చేవాళ్ళకి ఒక కష్టం ఉంది, ఆ రోజంతా ఒక మనిషి మన పక్కనే ఉండాలి, గ్యాస్ దగ్గరకి పోనివ్వకూడదు, రోడ్డు దాటనివ్వకూడదు. మా ఆయన మిల్లు సెలవులు అయిపోతే చెల్లి తన డ్యూటీకి సెలవు పెట్టింది. ఈ సెలవుల ఖర్చు ఏ బిల్లులోనూ కనపడదు.

పనిచేస్తుందని నాకు తెలియలేదు, వాళ్ళకే ముందు తెలిసింది. రెండో వారం మధ్యలో అనుకుంటా, చెల్లి టిఫిన్ డబ్బా పట్టుకుని గదిలోకొచ్చి చెయ్యి పైకెత్తి ఫ్యాన్ స్విచ్ వేసింది. "ఆ చంక దగ్గర ముడత ఏటే, ఎవరు కుట్టారు?" అన్నాను. అది అలాగే నిలబడిపోయింది. నెలన్నరగా నేను నాకై నేను అడిగిన మొదటి ప్రశ్న అదంట. "అప్పా, మళ్ళీ అను" అంది. కటింగ్ తప్పు, చంక లోతు తక్కువ తీశారు, అందుకే లాగుతోంది, విప్పించి ఇంకో అర అంగుళం తియ్యాలి అని చెప్పాను. అది మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ సాయంత్రం రెండు చపాతీలు తిన్నాను, బంగాళదుంప కూరలో ఉప్పు తక్కువ అన్నాను కూడా.

అక్కడినుంచి రోజు రోజుకీ తేడా. పొద్దున్న మూడింటి మెలకువ పోయింది. నేను బరువు అనే ఆలోచన ఎప్పుడు ఆగిందో చెప్పలేను, ఒక రోజు వెతికితే లేదు.

కానీ అప్పుడే జ్ఞాపకం సంగతి బయటపడింది. చెల్లి నెల క్రితం టెక్కలిలో మా మేనమామ కూతురి పెళ్ళి ఫోటోలు చూపిస్తోంది, అందులో నేనున్నాను, ఆకుపచ్చ పట్టుచీర, ముఖం మాడ్చుకుని. ఆ పెళ్ళి అయిందని కూడా నాకు తెలీదు. ఎవరు వండారు, ఎవరొచ్చారు, ఏమీ లేదు. ఫోన్ పే పిన్ పోయింది, ఏటీఎం పిన్ పోయింది. పొద్దున్న చెప్పింది సాయంత్రానికి మళ్ళీ అడిగేదాన్ని, మేడమ్‌కి చెప్తే అప్పటిదాకా రెండు కణతలకీ పెడుతున్నది ఆపి కుడివైపు మాత్రమే పెట్టడానికి మార్చారు. రెండు వైపులా పెడితే వేగంగా పనిచేస్తుంది, నేను తినట్లేదు కాబట్టి అలా మొదలెట్టారు, కుడివైపు ఒక్కటే పెడితే జ్ఞాపకం మీద దెబ్బ తక్కువ, డోసు కాస్త ఎక్కువ పెట్టాలి అంట. ఈ రెండు రకాలున్నాయని సంతకం పెట్టించుకున్న రోజు మాకెవరూ చెప్పలేదు. చెప్పినా రెండు వైపులా వాటికే ఒప్పుకునేవాళ్ళం బహుశా, ప్రాణం మీదకొచ్చింది కదా, కానీ చెప్పాలి. "కొంచెం మసక" కాదు అది. పోయిన దసరా నుంచి సంక్రాంతి దాకా నాకు ముక్కలు ముక్కలుగానే ఉంది, కొన్ని ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, ఆ పెళ్ళి మాత్రం రాలేదు. కొత్తవి గుర్తుపెట్టుకునే శక్తి కొన్ని వారాల్లో తిరిగొచ్చేస్తుంది, ట్రీట్‌మెంట్‌కి దగ్గరగా ఉన్న నెలలు మాత్రం కొన్ని ఎప్పటికీ రాకపోవచ్చు అని మేడమ్ తర్వాత సూటిగానే చెప్పింది. మొదటే చెప్పుంటే పిన్‌లు, చీటీపాట లెక్క, ఎవరికి ఎంత ఇవ్వాలో అన్నీ రాసి పెట్టుకునేవాళ్ళం. మీరెవరైనా చేయించుకుంటుంటే ఇది ముందే చెయ్యండి.

సంక్రాంతికి ముందు ఇంటికొచ్చాం. మా అత్త వీధిలో అందరికీ కోడలికి కడుపులో పుండు, వైజాగ్‌లో ఉంది అని చెప్పిందంట, దాంతో వచ్చినవాళ్ళందరూ మజ్జిగ తాగు, కారం తగ్గించు అని సలహాలు, ఒకావిడ అరటిపువ్వు కూడా తెచ్చింది. నాకు నిజం చెప్పేయాలనిపించింది గానీ ఆవిడ అప్పటికే అంత కష్టపడి కట్టిన కథ. అరటిపువ్వు వేపుడు బాగుంది.

మిషన్ దగ్గర కూర్చున్న రోజు మాత్రం ఒక వింత జరిగింది. గుడ్డ పరిచాను, సుద్ద పట్టుకున్నాను, చెయ్యి దానంతట అది పోయింది, మెడ వంపు, చంక, డాట్లు, ఒక్క చోట తడబడలేదు. కత్తెర కూడా అంతే. కుట్టేసి హుక్కులు వేసి పట్టుకుని చూస్తే శుభ్రంగా వచ్చింది, కానీ అది ఎవరిదో తెలీదు. బీరువాలో ముప్ఫై దాకా గుడ్డలున్నాయి, ఎవరు ఎప్పుడు ఇచ్చారో, ఎవరు పైపింగ్ అడిగారో, ఎవరు అడ్వాన్సు ఇచ్చారో ఖాళీ. ఒకావిడ వచ్చి "నా గచ్చకాయ రంగు పట్టుది దసరాకి ఇస్తానన్నావ్" అంటే ఆవిడ ముఖం తెలుసు, ఇల్లు తెలుసు, పట్టు ముక్క తెలీదు. నా ఆర్డర్ పుస్తకం తీశాను, నా చేతిరాతే, ఎవరో వేరే టైలర్ పుస్తకం చదువుతున్నట్టు ఒక్కొక్కటీ చదువుకుంటూ గుడ్డలకి జతచేసుకున్నాను. సెప్టెంబర్ చివరి పేజీల్లో నా రాత కిందకి జారిపోయి ఉంది. సాయం చేసే అమ్మాయి లేకపోతే సగం గుడ్డలు తేలేవి కావు, దానికి ఆ నెల 500 ఎక్కువిచ్చాను.

ఈసీటీ అయిపోతే అయిపోయినట్టు కాదు, ఇది కూడా చాలామందికి తెలీదు. మందులు లేకుండా వదిలేస్తే నెలల్లోనే తిరగబెడుతుంది చాలామందికి. నాకు నార్‌ట్రిప్టిలిన్, లిథియం మొదలెట్టారు. లిథియం అంటే రక్తంలో ఎంతుందో చూసుకుంటూ ఉండాలి, రాత్రి మాత్ర వేసుకున్నాక సరిగ్గా 12 గంటలకి రక్తం ఇవ్వాలి, దాంతోపాటు థైరాయిడ్, కిడ్నీ టెస్ట్. మా ఊళ్ళో ఇచ్చిన శాంపిల్ బయటికి పంపి రిపోర్ట్ వచ్చేసరికి నాలుగు రోజులు, అందుకని రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుని పొద్దున్నే బస్సెక్కి తొమ్మిదికల్లా శ్రీకాకుళం ల్యాబ్‌లో ఉంటాను. ఎండాకాలం నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా మానెయ్యకూడదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఫోన్ చెయ్యాలి, ఒళ్ళు నొప్పులకి డాక్టర్‌ని అడక్కుండా మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ లాంటివి కొనుక్కుని మింగకూడదు.

ఫిబ్రవరి మొదట్లో మళ్ళీ తెల్లారి మెలకువ రావడం మొదలైంది. ఈసారి ఆగలేదు, ఫోన్ చేశాం, రమ్మన్నారు, ఒకటి పెట్టారు, ఆ తర్వాత రెండు వారాలకొకటి చొప్పున మార్చి దాకా. అప్పుడు గుణుపూర్ ప్యాసింజర్‌లోనే ముందురోజు వెళ్ళి చెల్లి ఇంట్లో పడుకునేవాళ్ళం, పొద్దున్న ఖాళీ కడుపుతో ఆసుపత్రి, మర్నాడు తిరుగు రైలు. అవన్నీ కుడివైపువే, లేచాక పావుగంటకే నా పేరు ఊరు చెప్పేసేదాన్ని, ఒడియా కూడా తగ్గింది.

డబ్బుల సంగతి. రానుపోను, మందులు అన్నీ కలిపి 90 వేలు దాటింది, నా మిషన్ ఆగిన నెలలు కలపకుండా. మా ఆయనకి ఒక హెల్త్ పాలసీ ఉంది, ఆసుపత్రి కౌంటర్‌లో అడిగితే మానసిక జబ్బులకి రాదు అని ఒక్క మాటలో తేల్చేశారు. మా మరిది ఊరుకోలేదు, 2017 చట్టంలో 21వ సెక్షన్ ఉంది, ఒంటి జబ్బులకి ఎలా ఇస్తారో మానసిక జబ్బులకి కూడా అలాగే బీమా ఇవ్వాలి అని, అది రాసి, డిశ్చార్జి కాగితం, ఎందుకు ఈసీటీ పెట్టాల్సొచ్చిందో డాక్టర్ లెటర్ జతచేసి కంపెనీకి పంపాడు. రెండు నెలలు తిప్పారు, ఒకసారి బిల్లు మీద స్టాంపు లేదన్నారు, ఒకసారి మత్తు డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ కావాలన్నారు. ఆసుపత్రిలో పడుకున్న రోజులవి చివరికి ఇచ్చారు. ఇంటినుంచి వచ్చి చేయించుకున్నవాటికి ఇంకా ఇవ్వలేదు, అడుగుతూనే ఉన్నాం. కాబట్టి ఒక్క చీటీ కూడా పారెయ్యకండి, ప్రతి సిట్టింగ్‌కి విడిగా బిల్లు రాయించుకోండి.

ఇప్పుడెలా ఉందంటే పని చేసుకుంటున్నాను, రోజుకి మూడు జాకెట్లు అవుతున్నాయి, ఇదివరకు ఐదు కుట్టేదాన్ని. లిథియంకి చేతులు కొంచెం వణుకుతాయి, సూదిలో దారం అమ్మాయి చేత ఎక్కిస్తాను. పేర్లు ఒక్కోసారి నోటిచివర ఆగిపోతాయి. మళ్ళీ వస్తే చేయించుకుంటావా అని చెల్లి అడిగింది, చేయించుకుంటాను, కానీ కుడివైపుతో మొదలెట్టమంటాను. అది ముందే రాసి పెట్టుకోవచ్చంట, అడ్వాన్స్ డైరెక్టివ్ అని అదే చట్టంలో ఉంది, నాకు బాగోలేనప్పుడు ఏం చెయ్యొచ్చు ఏం వద్దు అని బాగున్నప్పుడే రాసేది, మన తరఫున మాట్లాడే మనిషి పేరు కూడా ఇవ్వొచ్చు. ఫారం తెచ్చుకున్నాం, ఇంకా నింపలేదు. ఆ మనిషి పేరు దగ్గర చెల్లి పేరు రాస్తానన్నాను, నోట్‌బుక్ రాసింది అది కదా, అడగాల్సినవి అడిగేది కూడా అదే. మా ఆయన రెండు రోజులనుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.